భూమంత వృత్తంలో అరంగుళం తేడా

ఒక ఆదివారం సాయంత్రం మా అమ్మాయి లెక్కల హోంవర్క్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఇక్కడ బ్రిటన్‌లో తను ఇయర్ ఎయిట్ చదువుతోంది. వృత్తం వ్యాసం ఇచ్చి చుట్టుకొలత కనుక్కోమన్నారు. వ్యాసాన్ని పైతో గుణించాలని తనకు తెలుసు. తన సందేహం వేరే. క్యాలిక్యులేటర్‌లో పై మీట నొక్కితే 3.141592654 వస్తోంది కదా, ఆ అంకెలు మొదట ఎవరు కనుక్కున్నారు, టేపు పెట్టి కొలిచారా అని అడిగింది.

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం మా ఇంట్లో అన్నయ్య పని. వాడు సెప్టెంబరులో యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. మేముండే ఊరికి కారులో నాలుగు గంటల దూరం. అందుకని ఆ ప్రశ్న నా దాకా వచ్చింది. పెళ్లయి ఈ దేశం రాకముందు నేను కాకినాడలో మూడేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. పప్పు పోపు పెట్టి, పొయ్యి కట్టేసి కూర్చున్నాను.

టేపుతో కొలిస్తే రెండు, మహా అయితే మూడు అంకెలు సరిగ్గా వస్తాయి. మిగతావన్నీ బుర్రతో పట్టుకోవాల్సినవే. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఆర్కిమిడీస్ వృత్తం లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున షడ్భుజులు గీసి, భుజాలను రెట్టింపు చేసుకుంటూ 96 దాకా వెళ్లారు. గీతల పొడవు లెక్కకట్టవచ్చు కాబట్టి వృత్తం చుట్టుకొలత ఆ రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. మనం బడిలో వాడిన 22/7 అలా వచ్చిన పై హద్దు. 499లో ఆర్యభటుడు 20,000 వ్యాసం ఉన్న వృత్తానికి చుట్టుకొలత 62,832 అని చెప్పారు. అంటే 3.1416. తర్వాత కేరళలో మాధవుడు భుజాలతో పని లేకుండా, భిన్నాలను వరసగా కూడుతూ తీసేస్తూ పోతే పై విలువకు చేరే దారి చూపారు. ఆ దారి అందమైనదే గానీ, ఉన్నదున్నట్టు కూడుకుంటూ పోతే చాలా నెమ్మది. 500 భిన్నాలు వేసినా 3.1396 దగ్గరే ఉంటాం.

ఇక్కడిదాకా చెప్పి, మా అమ్మాయిని క్యాలిక్యులేటర్ తీసి 2143ని 22తో భాగించమన్నాను. వచ్చినదానికి వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం నొక్కమన్నాను. తెరమీద 3.141592653 వచ్చింది. పై మీట నొక్కి పక్కపక్కన పోల్చి చూసుకుంది. చివరి అంకె ఒక్కటే తేడా. ఇది ఎవరు చెప్పారని అడిగింది. 1914లో మన మద్రాసు నుంచి ఈ దేశానికి వచ్చిన శ్రీనివాస రామానుజన్ అన్నాను. టాక్సీ నంబరు ఆయనేనా అంది. 1729 కథ వాళ్ల బడిలో కూడా చెబుతారు.

అదే వారం ఇంకొకటి జరిగింది. మా అబ్బాయి లైబ్రరీలో కళ్లు తిరిగి పడిపోయాడని వాడి స్నేహితుడు ఫోన్ చేశాడు. పరీక్షల హడావుడిలో రెండు రోజులుగా బిస్కెట్లు, కాఫీ తప్ప వేరే తినలేదట. రాత్రికి రాత్రి కారు వేసుకుని వెళ్లాం. పెద్ద ప్రమాదమేమీ లేదు. కానీ వాడి గదిలో నేను పంపిన కందిపొడి, గోంగూర పచ్చడి డబ్బాలు మూత తీయకుండా ఉండటం చూసి నా కడుపు తరుక్కుపోయింది. ప్రతి ఆదివారం ఫోన్లో నేను వాడిని ఏమడిగానో గుర్తు తెచ్చుకున్నాను. మార్కులు, అసైన్‌మెంట్లు, ఇంటర్న్‌షిప్. తిన్నావా అని కూడా అడిగేదాన్ని గానీ, జవాబు వినకుండానే తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయేదాన్ని.

తిరిగి వచ్చాక రామానుజన్ జీవితాన్ని మళ్లీ చదివాను. కాలేజీలో చదివినప్పుడు ఆయన సూత్రాలే కనిపించాయి. ఈసారి ఒక పరాయి ఊరి పిల్లాడు కనిపించాడు.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడులో అమ్మమ్మగారింట్లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ బట్టల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. మధ్యతరగతికి కాస్త కిందనే ఉన్న సంసారం. బడిలో మంచి మార్కులే. పదహారేళ్లప్పుడు కార్ అనే ఆయన రాసిన ఒక పుస్తకం చేతికొచ్చింది. అందులో సుమారు 5,000 గణిత ఫలితాలు వరసగా ఉంటాయి. చాలావాటికి నిరూపణలు ఉండవు, ఉన్నా ఒకటి రెండు ముక్కలే. రామానుజన్ వాటిని తనంతట తానే సాధించుకుంటూ పోయి, ఆ ఊపులో కొత్తవి కూడా కనుక్కోవడం మొదలుపెట్టారు. జవాబు రాసి దారి రాయకపోవడం ఆయనకు అక్కడే అలవాటైందంటారు. కాగితం ఖరీదు మరో కారణం. పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, తేలిన ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలో ఎక్కించేవారు.

అక్కడినుంచే కష్టాలు. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరారు. లెక్కలు తప్ప మరేదీ పట్టించుకోక మిగతా సబ్జెక్టులు తప్పారు. స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వైపు వెళ్లిపోయారు. మన కోస్తాకు ఆయన మొదటిసారి వచ్చింది అలా, ముఖం చెల్లక. మళ్లీ ఇంటికి చేరి, మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి, ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పారు. మన ఇళ్లలో ఇలాంటి పిల్లాడి గురించి చుట్టాలు ఏమనుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. 1909లో జానకితో పెళ్లయింది. ఆమెకు పదేళ్లు. సంసారం నడపాలంటే ఉద్యోగం కావాలి. డిగ్రీ లేదు. చేతిలో ఉన్నవి నోటుపుస్తకాలే.

ఆ పుస్తకాలు పట్టుకుని ఆయన తలుపులు తట్టారు. వాటిలో ఒక తలుపు మన నెల్లూరులో ఉంది. 1910 చివర్లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావుగారు గణితం మీద మక్కువ ఉన్న మనిషి. నలిగిన బట్టలు, చంకలో నోటుపుస్తకం, కుదిమట్టంగా ఉన్న ఈ యువకుడు చెప్పినవాటిలో చాలాభాగం ఆయనకు అర్థం కాలేదు. అయినా మాటల్లో నిజం ఉందని నమ్మి, చేతి ఖర్చులకు నెలకు 25 రూపాయలు ఇస్తూ వచ్చారు. ఊరికే డబ్బు తీసుకోవడం ఇష్టం లేక రామానుజన్ 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు. జీతం 30 రూపాయలు. అక్కడి పెద్దలు, ముఖ్యంగా నారాయణ అయ్యర్, సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్, ఆయన లెక్కలకు అడ్డు రాకపోగా అండగా నిలిచారు.

1913 జనవరి 16న ఆయన కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి ఉత్తరం రాశారు. కాగితాల నిండా సూత్రాలే, నిరూపణలు లేవు. అంతకుముందు ఇంగ్లండ్‌లో ఇతర ప్రొఫెసర్లకు రాస్తే ఫలితం లేకపోయింది. హార్డీ, ఆయన సహచరుడు లిటిల్‌వుడ్ ఆ కాగితాల ముందు కూర్చుని, ఇది రాసిన మనిషి మహా గణితవేత్త అని తేల్చుకున్నారు. సముద్రం దాటడానికి మొదట రామానుజన్ ఒప్పుకోలేదు. ఆచారం అడ్డొచ్చింది. చివరికి తల్లి సమ్మతించాక పిలక తీసి, క్రాఫు వేయించుకుని, 1914 మార్చి 17న మద్రాసులో నెవాసా ఓడ ఎక్కారు. పదిహేనేళ్లు కూడా నిండని జానకి అత్తగారి దగ్గర ఉండిపోయింది. ఏప్రిల్ 14న ఆయన లండన్ చేరారు.

ఆ ఏడాదే వృత్తం మీద ఆయన పెద్ద వ్యాసం అచ్చయింది. మాడ్యులర్ సమీకరణాలు, పై విలువకు దగ్గరి అంచనాలు అనేది దాని విషయం. ఇంగ్లండ్‌లో అచ్చయినా, అందులో చాలాభాగం మద్రాసులో పలక మీద పండినదే. మా అమ్మాయి నొక్కిన 2143, 22 లెక్క అందులోదే. దాంతోపాటు పైని తలకిందులు చేసిన విలువకు 17 శ్రేణులు ఇచ్చారు. శ్రేణి అంటే మాధవుడి దారిలాగే ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ పోవడం. తేడా వేగంలో ఉంది. వాటిలో బాగా పేరుపడినదానిలో ఒక్కో పదం కలిపినప్పుడల్లా ఇంకో ఎనిమిది అంకెల దాకా సరిపోతాయి. మొదటి పదం ఒక్కటే తీసుకుంటే, 9801ని రెండు వర్గమూలంతో గుణించి 4412తో భాగించడమే. 3.14159273 వస్తుంది.

దీర్ఘవృత్తం, అంటే కోడిగుడ్డులా సాగిన వృత్తం, దాని చుట్టుకొలతకు మామూలు లెక్కలతో తేలే చిన్న సూత్రం లేదు. అలాంటి కొలతల కోసం పుట్టిన గణితాన్ని పట్టుకునే రామానుజన్ వృత్తం దగ్గరకు ఈ దగ్గరి దారి వేశారు. దీర్ఘవృత్తం చుట్టుకొలతకు మంచి అంచనా సూత్రం కూడా అదే వ్యాసం చివర్లో ఇచ్చారు.

ఈ అంకెల తేడా ఎంతో కళ్లకు కట్టాలని మా అమ్మాయి, నేను కలిసి ఒక లెక్క వేశాం. మీ పిల్లలతో మీరూ వేసి చూడండి. భూమి వ్యాసం దాదాపు 8,000 మైళ్లు. సరిగ్గా అంత వ్యాసం ఉన్న వృత్తం గీశామనుకుందాం. పై బదులు 3.14 వాడితే చుట్టుకొలతలో పన్నెండు మైళ్లకు పైగా తప్పు వస్తుంది. 22/7 వాడితే పది మైళ్లు. ఆర్యభటుడి 3.1416 వాడితే తప్పు సుమారు 310 అడుగులకు దిగుతుంది. రామానుజన్ శ్రేణిలో మొదటి పదం ఒక్కటీ వాడితే మూడు అడుగుల చిల్లర. 2143ని 22తో భాగించి రెండుసార్లు వర్గమూలం తీస్తే అరంగుళం. భూమి అంత వృత్తం చుట్టూ తిరిగి వస్తే అరంగుళం తేడా. అదీ క్యాలిక్యులేటర్ లేని రోజుల్లో.

మొన్న సెలవులకు అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు నలుగురం కేంబ్రిడ్జి వెళ్లాం. ట్రినిటీ కాలేజీ పెద్ద వాకిలికి ఎదురుగా, రోడ్డుకు అవతల హ్యూయెల్స్ కోర్ట్ ఉంది. రామానుజన్ మొదట్లో ఉన్న గదులు అందులోనే. ఆ రాతి గోడల ముందు నిలబడి నేను పిల్లలకు దుప్పటి కథ చెప్పాను.

అప్పట్లో కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న ప్రశాంత చంద్ర మహలనోబిస్, తర్వాత మన దేశంలో గణాంక శాస్త్రానికి పునాది వేసినాయన, ఒకరోజు రామానుజన్ గదికి వెళ్లారు. రాత్రిళ్లు చలికి తట్టుకోలేకపోతున్నానని, కోటు వేసుకుని, శాలువా చుట్టుకుని పడుకుంటున్నానని రామానుజన్ చెప్పారు. మహలనోబిస్ పడకగదిలోకి వెళ్లి చూస్తే మంచం మీద కావలసినన్ని దుప్పట్లు పరుపు కిందికి మడిచి సర్ది ఉన్నాయి. వాటిని లాగి లోపలికి దూరి పడుకోవాలని రామానుజన్‌కు తెలియదు. పరచిన మంచం మీదే పడుకుంటూ వచ్చారు. మహలనోబిస్ ఆ దుప్పట్లు తీసి ఎలా కప్పుకోవాలో చూపించారు.

మా అబ్బాయి మొదట నవ్వాడు. తర్వాత ఊరుకున్నాడు. మన పక్కనే దుప్పటి ఉన్నా ఎలా కప్పుకోవాలో అడగడానికి మొహమాటపడిన రోజులు మనందరికీ ఉన్నాయి. ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో హీటింగ్ ఎలా పెట్టాలో తెలియక నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని వారం రోజులు గడిపాను. పక్కింటావిడ వచ్చి బాయిలర్ మీట చూపించేదాకా.

రామానుజన్ వచ్చిన నాలుగు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన శుద్ధ శాకాహారి. కాలేజీ భోజనశాలలో తినలేక గదిలోనే వండుకునేవారు. కూరగాయలకు, పాలకు కటకట. వేళ తప్పి తినడం, రాత్రంతా లెక్కల్లో ఉండిపోవడం మామూలైంది. పని మాత్రం ముమ్మరంగా సాగింది. నిరూపణ ఎందుకు ముఖ్యమో హార్డీ ఆయనకు ఓపికగా చెబుతూ, ఆయన సహజ ధోరణి చెడకుండా చూసుకుంటూ పనిచేశారు. 1916లో కేంబ్రిడ్జి పరిశోధన పట్టా ఇచ్చింది. ఎఫ్.ఏ. తప్పిన కుర్రాడు పట్టభద్రుడయ్యారు.

ఇంటినుంచి మాత్రం ఉత్తరాలు సన్నగిల్లాయి. జానకి రాసినవి ఆయనకు చేరలేదు, ఆయన రాసినవి ఆమెకు అందలేదు. అత్తాకోడళ్ల మధ్య పడక ఉత్తరాలు మధ్యలోనే ఆగిపోయాయి. ఇక్కడ ఆయనేమో భార్య తనను మరిచిందనుకున్నారు. 1917లో జబ్బుపడ్డారు. క్షయ అన్నారు. ఒక శానటోరియం నుంచి ఇంకో శానటోరియానికి, డెర్బీషైర్‌లోని మ్యాట్‌లాక్ నుంచి లండన్ పట్నీ దాకా మారుతూ రెండేళ్లు గడిచాయి. అక్కడి తిండి ఆయన గొంతు దిగేది కాదు. మనసు కుంగి, ఒకసారి ప్రాణాల మీదకు కూడా తెచ్చుకున్నారు. ఆ తర్వాత కొద్ది కాలానికే, 1918 మే నెలలో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. అక్టోబరులో ట్రినిటీ ఫెలో అయ్యారు. ఆ గౌరవం దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. బయట ప్రపంచానికి కనిపించింది ఈ రెండు వార్తలే.

ఈ భాగం చెప్పేటప్పుడు నేను మా అబ్బాయి వైపు చూడలేదు. వాడే అడిగాడు, ఆయన పక్కన ఎవరూ లేరా అని. ఉన్నారు. హార్డీ ఉన్నారు, నెవిల్ దంపతులు ఉన్నారు, మహలనోబిస్ లాంటి స్నేహితులు ఉన్నారు. కానీ ఆకలేస్తోందని, భయమేస్తోందని, ఇంటి దగ్గర నుంచి ఉత్తరం రావడం లేదని ఆయన చెప్పుకోలేదు. గణితం గురించి మాట్లాడేవాళ్లు ఆయనను గణితం గురించే అడిగారు.

యుద్ధం ముగిశాక 1919 మార్చి 27న ఆయన బొంబాయిలో ఓడ దిగారు. ఈసారి జానకి ఆయన దగ్గరకు చేరింది. చివరి ఏడాదంతా ఆమే కనిపెట్టుకుని ఉంది. మంచంలో ఉండి కూడా ఆయన లెక్కలు ఆపలేదు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చెట్‌పేటలో కన్నుమూశారు. వయసు 32. ఆయన వైద్య రికార్డులు తర్వాతి కాలంలో పరిశీలించిన ఒక డాక్టరు, అది క్షయ కాదేమో, కాలేయానికి పాకిన అమీబా జబ్బు అయివుండవచ్చని, ఆనాటి మందులతో కూడా నయమయ్యేదని 1994లో రాశారు.

వృత్తం శ్రేణుల సంగతి ఆయనతో ఆగలేదు. 1985లో విలియం గాస్పర్ ఆ పేరుపడిన శ్రేణినే కంప్యూటర్‌కు ఎక్కించి పై విలువను 1 కోటి 75 లక్షల అంకెల దాకా రాబట్టారు. అప్పటికి ఆ శ్రేణికి పూర్తి నిరూపణే లేదు. 1987లో బోర్వైన్ సోదరులు దాన్ని నిరూపించారు. పలక మీద మోచేత్తో తుడిచేసిన దారిని తిరిగి కనుక్కోవడానికి 73 ఏళ్లు పట్టింది. అదే బాటలో చుడ్నోవ్‌స్కీ సోదరులు ఒక్కో పదానికి 14 అంకెలు ఇచ్చే శ్రేణి తయారుచేశారు. 2022లో పై విలువను నూరు లక్షల కోట్ల అంకెల దాకా లెక్కించింది దానితోనే.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇంగ్లండ్‌లో రామానుజన్‌కు మద్రాసు నుంచి ఏడాదికి 250 పౌన్ల స్కాలర్‌షిప్ వచ్చేది. అందులో 50 పౌన్లు ఇంటికి వెళ్లేవి. నెలనెలా ఇంటికి డబ్బు పంపే మనకు ఆ లెక్క కొత్త కాదు. తిరుగు ప్రయాణానికి ముందు, 1919 జనవరిలో, మద్రాసు యూనివర్సిటీ ఆయనకు మళ్లీ ఏడాదికి 250 పౌన్లు ఇస్తామంటే, అంత అవసరం లేదని జవాబు రాశారు. తల్లిదండ్రులకు 50 పౌన్లు, తన ఖర్చులు పోను మిగిలింది పేద పిల్లల, అనాథల బడి ఫీజులకు, పుస్తకాలకు వాడమన్నారు. ఫీజు కట్టలేకపోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి.

ఆ రోజు తిరిగి వస్తూ కారులో మా అమ్మాయి అన్నయ్యకు 2143 గుర్తుపెట్టుకునే చిట్కా చెప్పింది. 1, 2, 3, 4 రాసి, జతలు తిరగేస్తే 21, 43. వాడికి అప్పటిదాకా తెలియదట. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. వాడు తనే కందిపొడి డబ్బా తీసి అన్నంలో కలుపుకున్నాడు.

ఇప్పుడు ఆదివారం ఫోన్లో నా మొదటి ప్రశ్న ఏం వండుకున్నావని. జవాబు పూర్తయ్యేదాకా వింటాను. మార్కుల సంగతి వాడే చెబుతాడు, చెప్పాలనిపిస్తే.